టేబుల్ మీద ఉన్న ఫోన్ స్క్రీన్ దానంతటదే పగిలింది, కంపెనీ "ఫిజికల్ డ్యామేజ్" అంటోంది. ఏం చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఫోన్ కొని ఐదు నెలలైంది. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకున్నారు. పొద్దున చూస్తే కింది అంచు నుంచి పైకి ఒక చీలిక. ఎక్కడా పడలేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు చూసి "ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు" అని రూ.13,800 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే ఉపయోగం ఉంటుందా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ఉపయోగం ఉంటుంది. కానీ అది మీ గ్లాసు మీద ఏముందో దాన్ని బట్టే. దెబ్బ తగిలిన గుర్తు లేకపోతే మీ ఫిర్యాదుకి బలం ఉంది, వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లొచ్చు. గుర్తు ఉంటే మీరెంత నిజం చెప్పినా నిరూపించడం కష్టం. అప్పుడు తగ్గింపు ధర అడగడం మేలు. ఏదైనా సరే, ముందు చేయాల్సింది ఒక్కటే: ఇప్పుడే డబ్బు కట్టి రిపేర్ చేయించకండి, బయట షాపులో విప్పించకండి. సర్వీస్ సెంటర్లో స్క్రీన్ మారిస్తే పాత ప్యానెల్ (పగిలిన స్క్రీన్) సాధారణంగా వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. మీ సాక్ష్యం అదే. అది పోయాక ఎంత పెద్ద లాయర్ని పెట్టుకున్నా వాదించడానికి వస్తువే ఉండదు.

ముందు ఇంట్లోనే పరీక్ష చేసుకోండి. టెంపర్డ్ గ్లాస్ ఉంటే చీలిక దానిదా, అసలు స్క్రీన్‌దా అన్నది తేల్చుకోండి. నవ్వొచ్చే సలహాలా అనిపించినా కౌంటర్ దగ్గరకు వచ్చి టెంపర్ తీస్తే కింద స్క్రీన్ క్షేమంగా ఉన్న ఫోన్లు తక్కువేం కాదు. అయితే తీసేముందు ఉన్నది ఉన్నట్టుగా ఫోటోలు తీయండి, తీస్తున్నప్పుడు వీడియో పెట్టండి. "టెంపర్ పీకుతుంటే మీరే పగలగొట్టారు" అనే మాటకు చోటివ్వొద్దు. చీలిక పెద్దదై గాజు ముక్కలు లేస్తుంటే మాత్రం మీరు తీయకండి.

తర్వాత ఫోన్ ఆఫ్ చేసి, నల్లటి స్క్రీన్ మీద పక్క నుంచి టార్చి వెలుతురు పడేలా పట్టుకోండి. 10ఎక్స్ భూతద్దం ఉంటే మంచిది, లేకపోతే ఇంకో ఫోన్ కెమెరాలో మాక్రో మోడ్ చాలు. చీలిక మొదలైన చోటు వెతకండి. బయటి నుంచి దెబ్బ తగిలితే ఆ బిందువు దగ్గర గాజు పొడిపొడిగా నలుగుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లటి మచ్చ, వేలితో తడిమితే చిన్న గుంట, అక్కడి నుంచి నాలుగు వైపులకూ సాలెగూడులా గీతలు. టెక్నీషియన్లు "హిట్ పాయింట్" అనేది దీన్నే. అది మూలలో ఉండి, అదే మూలలో ఫ్రేమ్‌కి సొట్ట గానీ రంగు లేచిన గీత గానీ ఉంటే పడిపోవడం వల్ల పగిలిందనే కంపెనీ రాస్తుంది, కమిషన్ కూడా నమ్ముతుంది.

నలిగిన మచ్చ ఎక్కడా లేకుండా, అంచు నుంచి ఒకటో రెండో గీతలు సాఫీగా వంపు తిరుగుతూ వెళ్తే అది వేరే కథ. లోపలి నుంచి ఒత్తిడి వచ్చినా, ఫ్రేమ్‌లో ప్యానెల్ సరిగ్గా కూర్చోకుండా బిగుసుకున్నా చీలిక ఇలా వచ్చే వీలుంది. అన్నిటికన్నా ముందు బ్యాటరీ చూడండి. ఫోన్‌ని చదునైన గాజు బల్ల మీద వెల్లకిలా పెట్టి ఒక మూల నొక్కండి. ఇదివరకు లేని విధంగా ఊగుతోందా? కెమెరా ఎత్తుగా ఉండే ఫోన్లు ఎలాగూ ఊగుతాయి, కాబట్టి పక్క నుంచి కూడా చూడండి: స్క్రీన్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య, లేదా వెనక మూత దగ్గర సందు పెరిగిందా? పెరిగితే బ్యాటరీ ఉబ్బినట్టే. ఆ క్షణం నుంచి ఛార్జింగ్ పెట్టొద్దు, సందుని నొక్కి మూయొద్దు, మంచం మీదా సోఫా మీదా ఉంచొద్దు. అది మంటలు రేగే ప్రమాదం. ఫిర్యాదు పరంగా మాత్రం ఇది మీకు అన్నిటికన్నా బలమైన ఆధారం, ఎందుకంటే కారణం ఫోన్ లోపలే ఉంది.

ఫ్రేమ్ వంగిందేమో కూడా చూడండి. స్టీలు స్కేలు వెనక వైపు పొడవునా ఆనించి, దాని కింద నుంచి వెలుతురు వస్తోందేమో గమనించండి. వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటే ఫ్రేమ్ కొద్దిగా వంగి, వారం తర్వాత స్క్రీన్ విడిచే వీలుంది. సర్వీస్ సెంటర్లో ఈ వంపు చూస్తారు కాబట్టి మీరే ముందు తెలుసుకోవడం మంచిది.

ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పాలి. ఫోన్ గ్లాసుని పొటాషియం ఉప్పు కరిగించిన వేడి ద్రవంలో ముంచి గట్టిపరుస్తారు. గాజులోని చిన్న సోడియం అయాన్ల స్థానంలో పెద్ద పొటాషియం అయాన్లు దూరి, పైపొర మొత్తం ఒత్తిడిలో బిగుసుకుంటుంది. అందుకే తేలిగ్గా గీత పడదు, పగలదు. కానీ అంచున ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బ ఆ పొరని దాటి లోపలికి దిగితే, అది రోజులకొద్దీ అలాగే ఉండి, తర్వాత వేడెక్కినప్పుడో ఫ్రేమ్ కాస్త మెలితిరిగినప్పుడో పొడవునా చీలుతుంది. అంటే "నా చేతిలోంచి పడలేదు, దానంతటదే పగిలింది" అనేవాళ్లలో చాలామంది అబద్ధం చెప్పడం లేదు. అయినా మూలకారణం పాత దెబ్బే అయ్యుండొచ్చు. కాబట్టి ఫిర్యాదులో "ఎప్పుడూ ఎక్కడా తగల్లేదు" అని ఒట్టు పెట్టేకన్నా, "గ్లాసు మీద గానీ ఫ్రేమ్ మీద గానీ దెబ్బ గుర్తు లేదు, ఫోటోలు జతచేశాను" అనడం ఎంతో నయం. మొదటిది మీ మాట మాత్రమే. రెండోది ఎవరైనా సరిచూసుకోగలిగింది.

ఫోటోలు ఇలా తీయండి. ముందు, వెనక, నాలుగు అంచులు, నాలుగు మూలలు దగ్గరగా, స్క్రీన్ ఆన్‌లో ఒకటి, ఆఫ్‌లో ఒకటి. చీలిక మొదలు పక్కన చిన్న స్కేలు పెట్టి ఇంకొకటి. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కనబడేలా ఒక వీడియో, కట్ చేయకుండా అదే షాట్‌లో ఫోన్ చుట్టూ తిప్పి చూపించాలి. అప్పుడు ఆ చీలిక ఈ ఫోన్‌దేనని తేలుతుంది. ఇవన్నీ అయ్యాక చీలిక మీద పారదర్శకమైన టేపు వేయండి, గాజు పొడి రాలదు, వేలు తెగదు. టచ్ పనిచేస్తున్నంతలోనే బ్యాకప్ తీసుకోండి. టచ్ పోతే ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఓటీజీ (యూఎస్‌బీ వస్తువుల్ని ఫోన్‌కి కలిపే చిన్న కనెక్టర్)తో మౌస్ తగిలించి తీయొచ్చు.

అసలు పని జాబ్ షీట్ (ఫోన్ తీసుకున్నప్పుడు సర్వీస్ సెంటర్ సమస్య రాసి ఇచ్చే కాగితం) దగ్గర ఉంది. చాలామంది ఇక్కడే తెలియకుండా ఓడిపోతారు. కౌంటర్‌లో ఫోన్ ఇవ్వగానే కంప్యూటర్లో "డిస్‌ప్లే బ్రోకెన్, కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్" (అంటే కస్టమర్ వల్లే పాడైంది) అని కొట్టి, ప్రింట్ ఇచ్చి, సంతకం పెట్టమంటారు. సంతకం పెట్టారంటే మీరే ఒప్పుకున్నట్టు ఆ కాగితాన్ని తర్వాత చూపిస్తారు. సంతకానికి ముందు "సమస్య" అనే గడిలో ఏం రాశారో చదవండి. అక్కడ "వాడకంలో లేనప్పుడు చీలిక వచ్చింది, హిట్ పాయింట్ లేదు, బ్యాటరీ పరీక్షించాలి" అని రాయించండి. కంప్యూటర్లో మార్చలేమంటే ప్రింట్ మీద పెన్నుతో "డ్యామేజ్ వర్గీకరణకు నేను అంగీకరించడం లేదు" అని రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టి, ఫోటో తీసుకోండి. ఈ ఒక్క వాక్యం తర్వాత చాలా ఉపయోగపడుతుంది.

"వారంటీ రాదు" అనే మాట నోటితో చెబితే సరిపోదు. ఏ కారణంతో తిరస్కరించారో జాబ్ షీట్ మీద గానీ ఈమెయిల్‌లో గానీ రాసివ్వమనండి. దెబ్బ ఎక్కడుందో చూపించే ఫోటో అడగండి. వారంటీ తిరస్కరించేటప్పుడు సాధారణంగా ఫోటోలు తీసి కంపెనీ సిస్టమ్‌లో ఎక్కిస్తారు. "మీరు ఎక్కించిన ఫోటోలో హిట్ పాయింట్ ఎక్కడుందో గుర్తుపెట్టి పంపండి" అని అడిగితే కేసు పై స్థాయికి వెళ్లే అవకాశం ఉంది, ఎందుకంటే మచ్చ లేనప్పుడు గుర్తుపెట్టడానికి అక్కడేమీ ఉండదు. ఎస్టిమేట్ కాగితం కూడా తీసుకోండి, మీ నష్టం ఎంతో చూపేది అదే. తర్వాత ఫోన్‌ని రిపేర్ చేయకుండా వెనక్కి తీసుకోండి. ఇన్‌స్పెక్షన్ ఛార్జీ అడిగితే కట్టి రసీదు తీసుకోండి.

ఇక కంపెనీకి రాయడం. కస్టమర్ కేర్ చాట్‌లో గంటలకొద్దీ మాట్లాడి లాభం లేదు, రాతపూర్వకంగా ఉండాలి. ఎవరికి రాయాలి? ఫోన్ డబ్బా వెనక లేబుల్ చూడండి. లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల) నిబంధనల ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, ఎంఆర్‌పీ, వినియోగదారుల ఫిర్యాదుల నంబరు, ఈమెయిల్ అక్కడ ఉండి తీరాలి. మన దేశంలో బాధ్యత పడే కంపెనీ పేరు అదే, విదేశంలోని మాతృసంస్థ కాదు. ఈమెయిల్ ఈ వరుసలో ఉంటే చాలు:

"మోడల్ ఫలానా, ఐఎంఈఐ ఫలానా, ఫలానా తేదీన ఫలానా బిల్లు మీద రూ. ఇంతకు కొన్నాను. ఫలానా తేదీన వాడకంలో లేనప్పుడు డిస్‌ప్లేలో చీలిక వచ్చింది. గ్లాసు, ఫ్రేమ్ మీద దెబ్బ గుర్తులు లేవు, 13 ఫోటోలు, ఒక వీడియో జతచేశాను. మీ అధీకృత సర్వీస్ సెంటర్ జాబ్ షీట్ నంబరు ఫలానా ద్వారా దెబ్బ ఎక్కడుందో చూపకుండా ఫిజికల్ డ్యామేజ్ అని వారంటీ తిరస్కరించింది. తయారీ లోపం కింద డిస్‌ప్లే ఉచితంగా మార్చాలని, లేదా తిరస్కరణకు సాంకేతిక కారణం, దెబ్బ బిందువు గుర్తించిన ఫోటోతో సహా 15 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాను."

ఇంగ్లీషులో రాసినా ఇదే వరుస. కోపం, బెదిరింపు, సోషల్ మీడియాలో పెడతాననే మాటలు వద్దు. ఈ ఈమెయిలే రేపు కమిషన్ ముందు పేజీగా కూర్చుంటుంది.

జవాబు రాకపోయినా, "పాలసీ ప్రకారం కుదరదు" అనే రెడీమేడ్ జవాబు వచ్చినా, నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) ఇస్తారు, అది కంపెనీలోని ఫిర్యాదుల విభాగానికి వెళ్తుంది. పెద్ద కంపెనీలు చాలావరకు ఈ వ్యవస్థలో భాగస్వాములు, అందుకే మామూలు కస్టమర్ కేర్ వినని మాట ఇక్కడ వింటారు. హెల్ప్‌లైన్‌కి తీర్పు చెప్పే అధికారం లేదు, కంపెనీ కాదంటే వాళ్లు డాకెట్ మూసేస్తారు. ఆ మూసివేత కాగితం కూడా దాచండి.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఇది సామాన్యుడికి నిజంగా అందుబాటులోకి వచ్చింది. మీరు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ గురుగ్రామ్‌లో ఉన్నా బెంగళూరులో ఉన్నా మీరు కరీంనగర్‌లోనో కర్నూలులోనో వేసుకోవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర రూ.5 లక్షల లోపుంటే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. 2025 జనవరిలో మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు. కంపెనీని, సర్వీస్ సెంటర్‌ని, అమ్మినవారిని ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు.

అక్కడ జరిగే రెండు పొరపాట్లు చెప్తాను.

ఒకటి, యూట్యూబ్ చూసి "ప్రొడక్ట్ లయబిలిటీ" కింద లక్షల్లో పరిహారం అడగడం. వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత గురించిన ఆ అధ్యాయంలో "హాని" అంటే లోపమున్న వస్తువు వల్ల మనిషికో, వేరే ఆస్తికో జరిగిన హాని. వస్తువుకే జరిగిన నష్టం దాని కిందికి రాదని చట్టమే చెప్తోంది. పగిలిన స్క్రీన్ కేసు "వస్తువులో లోపం", "సేవలో లోపం" కింద వేయాలి. డిస్‌ప్లే మార్పు లేదా ధర వాపసు, ఖర్చులు, సబబైన పరిహారం అడగాలి. ఉబ్బిన బ్యాటరీ పేలి ఒళ్లు కాలితే అది ప్రొడక్ట్ లయబిలిటీ.

రెండోది, నిపుణుడి ఆధారం లేకపోవడం. లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ సెక్షన్ 38 కింద ఫోన్‌ని తగిన ల్యాబ్‌కి పంపగలదు. ఆ ఫీజు ముందు మీరే కట్టాలి. దీనికోసం మీరే దరఖాస్తు పెట్టండి, కమిషన్ తనంతట తాను పంపుతుందని కూర్చోవద్దు. అవతలివాళ్లు సర్వీస్ ఇంజనీర్ రిపోర్టు వేస్తారు. మీ వైపు ఏమీ లేకపోతే రికార్డులో అదొక్కటే మిగులుతుంది. చట్టంలో మూడు నెలలు, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలలు అని గడువుంది గానీ, వాస్తవంలో అంతకన్నా ఎక్కువే పడుతుందని సిద్ధపడండి. అన్నాళ్లూ ఆ ఫోన్ అలాగే ఉంచాలి. రూ.10,000 ఫోన్‌కి ఇది దండగ. రూ.60,000 ఫోన్ అయి, హిట్ పాయింట్ లేదనుకుంటే వెళ్లండి.

డెలివరీ అయిన రోజే పగిలి ఉంటే ఈ దారంతా అక్కర్లేదు. అది తయారీదారు గొడవ కాదు, అమ్మిన వెబ్‌సైట్‌ది. డబ్బా సీలు నుంచి మొదలై ఫోన్ ఆన్ అయ్యేదాకా కట్ లేని వీడియో ఉంచుకోండి, రిప్లేస్‌మెంట్ గడువు ఆర్డర్ పేజీలో చూసి ఆలోపే ఫిర్యాదు పెట్టండి. ఓపెన్ బాక్స్ డెలివరీ అయితే ఓటీపీ చెప్పేముందు స్క్రీన్ వెలిగించి చూడండి, ఓటీపీ ఇచ్చాక మాట చెల్లదు. ఈ-కామర్స్ నిబంధనలు 2020 ప్రకారం వెబ్‌సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదుల అధికారి) 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

గ్లాసు క్షేమంగా ఉండి లోపల ఆకుపచ్చ గీతో గులాబీ గీతో వస్తే దాన్ని పగిలిన స్క్రీన్‌తో కలపకండి. అది ప్యానెల్ లోపం. వారంటీ దాటినా అడగండి. 2023లో వన్‌ప్లస్ మన దేశంలో కొన్ని పాత మోడళ్లకు ఈ సమస్య మీద ఉచితంగా స్క్రీన్ మార్చింది. మడత ఫోన్లలో లోపలి స్క్రీన్ మడత గీత వెంట నిట్టనిలువుగా విడిస్తే, అంచుల్లో దెబ్బ లేకపోతే, మామూలు ఫోన్ కన్నా గట్టిగానే వాదించొచ్చు. ఒక్క జాగ్రత్త: లోపలి స్క్రీన్ మీద ఫ్యాక్టరీలో వేసిన పల్చటి పొరని టెంపర్ అనుకుని పీకొద్దు. 2019 ఏప్రిల్‌లో శాంసంగ్ మడత ఫోన్ గెలాక్సీ ఫోల్డ్ సమీక్షకులు కొందరు అలా పీకినందుకు స్క్రీన్లు పోయాయి, పీకని కొన్నీ పాడయ్యాయి, దాంతో ఆ ఫోన్ విడుదలే సెప్టెంబరుకు వాయిదా పడింది. పొర లేచిపోతుంటే సర్వీస్ సెంటర్లో మార్పించండి.

స్క్రీన్ ప్రొటెక్షన్ ప్లాన్ తీసుకున్నారేమో బిల్లు వెతికి చూడండి, ఫోన్‌తో పాటు కొని మర్చిపోయేవాళ్లు చాలామంది. ఉంటే "దానంతటదే పగిలింది" అనే వాదనతో పనిలేదు, ప్రమాదవశాత్తూ పగిలినా కవర్ అవుతుంది. అప్రూవల్ రాకముందే రిపేర్ చేయిస్తే మాత్రం క్లెయిమ్ పోయే ప్రమాదం ఉంది. బీమా కంపెనీ పాలసీ అయితే తిరస్కరణ మీద బీమా ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. వట్టి సర్వీస్ ప్లాన్ అయితే మళ్లీ వినియోగదారుల కమిషనే.

విదేశాల్లో ఉన్నవాళ్లకి దారి వేరు. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం మొదటి ఆరు నెలల్లో బయటపడ్డ లోపం కొన్నప్పుడే ఉన్నట్టు భావిస్తారు, కాదని నిరూపించాల్సింది అమ్మినవారే. అందుకే అక్కడ తయారీదారుని కాదు, ముందు షాపుని అడగాలి. అక్కడ కొని ఇక్కడికి తెచ్చిన ఫోన్‌కి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో బ్రాండ్‌ని బట్టి ఉంటుంది. సర్వీస్ సెంటర్‌కి వెళ్లేముందే ఐఎంఈఐతో ఆన్‌లైన్‌లో చూసుకోండి.

ఇంకొక్క విషయం. గట్టిగా రాసినప్పుడు కంపెనీలు కొన్నిసార్లు "గుడ్‌విల్" కింద సగం ధరకు మారుస్తామంటాయి. మీ గ్లాసు మీద అనుమానంగానైనా మచ్చ ఉంటే ఒప్పుకోండి, అంతకన్నా మంచి ఫలితం రావడం అరుదు. ఒప్పుకునేముందు ఆ ధరలో పార్టు, లేబర్, జీఎస్టీ మూడూ కలిశాయా అని ఈమెయిల్‌లో అడగండి. "సగం" అనేది పార్టు మీద మాత్రమే అయి, బిల్లు రూ.2,000 పెరిగే అవకాశం ఉంది. మార్చిన డిస్‌ప్లేకి విడిగా ఎన్నాళ్ల వారంటీ ఇస్తున్నారో ఇన్‌వాయిస్ మీద రాయించుకోండి. ఫోన్ చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి స్క్రీన్ నాలుగు అంచుల మీద వేలు పోనిచ్చి చూడండి. ఎక్కడైనా అంచు లేచి గోరు తగిలితే ప్యానెల్ సరిగ్గా కూర్చోలేదు, ఆ గ్లాసు మళ్లీ అక్కడే చీలే వీలుంది. అప్పటికప్పుడే వెనక్కిచ్చి మళ్లీ బిగించమనండి.